జాడ రహిత ప్రక్షాళన

చదువు రానివాడు చేసిన తప్పు తప్పు. చదువుకున్నవాడు చేసిన తప్పు ఉత్తర్వు. ఈ విషయంలో తిప్పయ్యకు అనుమానం లేదు. అనుమానం ఉన్నవాళ్లతో వాదించే ఓపికా లేదు.

తిప్పయ్య జీపు డ్రైవరు. చదివింది ఊరి బళ్లో ఐదో తరగతి. అక్కడ పంతులు ఒక్కడే, గది ఒక్కటే, ఐదు తరగతులూ ఒకే చాప మీద. గుణింతం ఒకటి తప్పితే వేలి కణుపు మీద బెత్తం ఒకటి పడేది. అందుకని తిప్పయ్యకు వచ్చిన చదువు కొంచెమే గాని, వచ్చినంతలో తప్పు లేదు.

అతను పనిచేసేది జిల్లా వర్షమాపక కార్యాలయంలో. ఆ జిల్లాలో ఏడాదికి ఇరవై రోజులు వాన పడితే గొప్ప. ఆఫీసు మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. వాన పడినరోజు ఎంత పడిందో రాస్తారు. పడనిరోజు పడలేదని రాస్తారు. రెండో పని ఎక్కువ కాబట్టి సిబ్బంది కూడా ఎక్కువే. మండలాల్లో పాతిన వాన గొట్టాల దగ్గరికి వాళ్లను తిప్పడం తిప్పయ్య ఉద్యోగం. పేరుకు తగ్గ పని అంటాడు అటెండరు రజాక్. ముప్పై ఏళ్లుగా అదే మాట అంటున్నాడు, ప్రతిసారీ తనే నవ్వుతున్నాడు.

ఆ జీపు వెనక తలుపు లోపలివైపు ఒక చేతి ముద్ర ఉంది. పసుపుది. నాలుగున్నర వేళ్లు.

అది తిప్పయ్య భార్య సుంకులమ్మ చెయ్యి. నాలుగేళ్ల కిందట ఆయుధపూజనాడు పళ్లెం పట్టుకొని ఆఫీసుకు వచ్చింది. స్టీరింగుకు బొట్టు పెట్టింది, టైర్లకు పెట్టింది, వెనకెక్కి సీటును కూడా వదల్లేదు. దిగేటప్పుడు కాలు జారి తలుపు పట్టుకుంది. ఆముదంలో కలిపిన పసుపు, గట్టిగా పట్టేసింది. చిటికెన వేలు సగమే పడింది. మిగతా సగం పెళ్లికి ముందే గడ్డి కోసే మిషన్‌లో పోయింది.

"బండంతా పూస్తివి గదే!" అని కసిరాడు తిప్పయ్య.

"తుడుచుకోపో. తుడిచేదే గదా నీ పని" అంది ఆమె.

ఆమే వచ్చి తుడవాలని అతని పంతం. ఇద్దరూ తుడవలేదు. రెండు నెలలకు ఆమె జ్వరంతో పోయింది. పంతం అట్లాగే ఉండిపోయింది. ఆమె ఉన్నప్పుడు తిప్పయ్య రోజుకు పది మాటలు మాట్లాడేవాడు, అందులో తొమ్మిది తిట్లు. ఆమె పోయాక ఆ పదీ ఇంకెవరికీ ఇవ్వలేదు.

చిక్కల్లా బండి కడగడం దగ్గరే. పైపు పెట్టి కొడితే తలుపు సందుల్లోంచి నీళ్లు దిగేవి. ప్లాస్టిక్ కవరు అంటించి కడిగితే కవరు కింద చెమ్మ చేరేది. ముద్ర అంచులు ఏటేటా పలచబడుతున్నాయి. మరో ఏడాదికి తిప్పయ్య రిటైరవుతాడు. జీపు కూడా అప్పుడే పాతసామానుకు పోతుంది. ఆ తలుపు ఒక్కటి ఊడదీయించుకొని ఇంటికి తీసుకుపోవాలని అతని ఆలోచన. అంతదాకా ముద్ర నిలవాలి. లోకంలో అతనికి మిగిలిన పని అదొక్కటే.

అట్లాంటి సమయంలో ఒక కంపెనీ అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. నీళ్లు పారబోయకుండా బండి కడిగే పద్ధతి చూపిస్తానంది. జిల్లా అధికారి పరాంకుశం గారు, సూపరింటెండెంటు వసుంధరమ్మ, మొత్తం సిబ్బంది షెడ్డు ముందు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. వాన పడనిరోజు కాబట్టి అందరికీ తీరిక.

అమ్మాయి ఒక బకెట్టులో పది లీటర్ల నీళ్లు పోసింది. అందులో ఒక మూతెడు మందు కలిపింది. పదహారు మెత్తటి గుడ్డలు నానేసింది. ఒక గుడ్డను నాలుగు మడతలు పెట్టి, బండి పైకప్పు మీద ఒకేవైపుగా లాగింది. మడత తిప్పింది. ఇంకో చోట లాగింది. అన్ని మడతలూ మురికయ్యాక ఆ గుడ్డను పక్కన పడేసి కొత్తది తీసుకుంది. వెనకనే పొడిగుడ్డతో తుడుచుకుంటూ పోయింది.

"నురగేదమ్మా?" అంది వసుంధరమ్మ. "నురగ లేకుండా కడిగినట్టు ఎట్లవుతుంది?"

"నురగ రాదు మేడమ్. మట్టిని ఆ మందే పట్టుకొని గుడ్డలోకి లాగుతుంది. గీత పడదు. తర్వాత నీళ్లు పోసి జాడించే పని లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వాడిన గుడ్డను మళ్లా బకెట్టులో ముంచకూడదు. మురికంతా మడతల్లోనే ఉండిపోతుంది."

తిప్పయ్య దగ్గరికి పోయి గుడ్డ పట్టుకు చూశాడు. ఇది అతనికి కొత్త కాదు. అతని ఊళ్లో చెంబెడు నీళ్లతో ఎనుమును కడిగేవాళ్లు. సుంకులమ్మ తడిబట్ట అంచుతో లాంతరు బుడ్డి తుడిస్తే చుక్క నీరు కింద పడేది కాదు. దానికి పేరుందని, దాన్ని అమ్ముతారని వాళ్లకు తెలియదు, అంతే.

మర్నాటి నుంచి స్టోర్సు ఇచ్చిన మందు, గుడ్డలతో తిప్పయ్య ఆ పద్ధతే పట్టాడు. పైనుంచి కిందికి, ఒకేవైపు, బండి రేకు ఒక్కోదానికి ఒక్కో మడత. ఇరవై రెండు నిమిషాల్లో జీపు అద్దంలా తయారయ్యేది. అన్నిటికంటే ముఖ్యం, వెనక తలుపు దగ్గర ముద్రకు వేలెడు దూరంలో గుడ్డ ఆపొచ్చు. దాని మీద చుక్క పడదు. నాలుగేళ్లలో మొదటిసారి అతను ఒక మనిషిని మెచ్చుకున్నాడు. "ఆ పిల్లకు బుర్ర ఉండాది" అన్నాడు రజాక్‌తో.

మూడు వారాలకు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది.

అది నీటి పొదుపు సంవత్సరం. ఆ పద్ధతి అక్కడ పెద్దలకు కూడా నచ్చింది. ఉత్తర్వు ఇంగ్లీషులో పుట్టి, అధికార భాష అమలు కోసం తెలుగులోకి దిగి, జిల్లాలకు చేరింది. పరాంకుశం గారు తన గదిలో దాన్ని పైకి చదివారు.

"'రాష్ట్రమందలి ప్రభుత్వ వాహనములన్నియు ఇకమీదట జాడ రహిత ప్రక్షాళన పద్ధతిన మాత్రమే శుభ్రపరచబడవలెను. అతిక్రమించిన వారిపై క్రమశిక్షణా చర్యలు గైకొనబడును.'"

తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన తిప్పయ్య గుమ్మంలో ఆగిపోయాడు.

"సార్, అది జాడింపు సార్."

"ఏమిటి?"

"జాడింపు రహిత. నీళ్లు పోసి జాడించే పని ల్యాకుండా అని. ఆ పిల్ల చెప్పింది గదా. జాడింపులో ఇంపు ఎగిరిపోయి జాడ మిగిలింది సార్."

వసుంధరమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఉత్తర్వులో అక్షరాలు ఎగరవు తిప్పయ్యా. సంతకం పడినాక అసలే ఎగరవు."

"నువ్వు ఎంతవరకు చదివావయ్యా?" అన్నారు పరాంకుశం గారు.

"ఐదు సార్."

"దీని కింద సంతకం చేసినాయనకు రెండు ఎమ్మేలు ఉన్నాయి."

"అయితే ఆయప్పనే ఒక మాట అడగండి సార్."

"పైవారిని అర్థం అడగడమంటే, మనకు అర్థం కాలేదని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. ఈ కార్యాలయ చరిత్రలో మాకు అర్థం కానిది లేదు."

మధ్యాహ్నం సమావేశం పెట్టారు. నిఘంటువు తెప్పించారు. జాడ అనగా గుర్తు, ఆనవాలు, అడుగు అని ఉంది. పరాంకుశం గారు లేచి నిలబడి నిర్వచనం చెప్పారు: "వాహనమును విధిగా ప్రక్షాళన గావించవలెను. అయితే గావించినట్లు ఎట్టి జాడయు ఉండరాదు. నీటి పొదుపు విషయంలో ఇంత సూక్ష్మంగా ఆలోచించిన ప్రభుత్వం మరొకటి లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. తిప్పయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

మొదటి వారం నేల మీద తడి జాడ అన్నారు. కింద గోనెపట్టాలు పరిచి కడిగాడు. రెండో వారం షెడ్డులో కనిపించే బకెట్టు జాడ అన్నారు. దాన్ని రికార్డు గదిలో దాచారు. మూడో వారం వసుంధరమ్మ స్వయంగా తనిఖీకి వచ్చింది. తెల్ల చేతిరుమాలు తీసి బానెట్టు మీద రుద్దింది. రుమాలు తెల్లగానే ఉంది. ఆమె ముఖం నల్లబడింది.

సాయంత్రానికి మెమో వచ్చింది. "మీ వాహనము కడిగినట్లు స్పష్టముగా కనబడుచున్నది. ఇందుకు మీ సంజాయిషీ మూడు దినములలో సమర్పించవలెను."

తిప్పయ్య వెనకవైపు రాసిచ్చాడు: "కడిగినాను కాబట్టి."

"ఇందులో పశ్చాత్తాపం లేదు" అంది వసుంధరమ్మ.

"కడగకుంటే పోలా మేడమ్?" అన్నాడు రజాక్, టీ గ్లాసులు సర్దుతూ.

"కడగకపోతే ఉత్తర్వు ఉల్లంఘన. కడిగినట్టు కనబడినా ఉల్లంఘన. రెండింటికీ నడుమ సన్నటి దోవ ఉంటుంది రజాక్. పరిపాలన అంటే ఆ దోవన నడవడమే."

ఆ దోవకు ఒక పేరు పెట్టారు: పూర్వస్థితి పునరుద్ధరణ. అంటే తిప్పయ్య ఇరవై రెండు నిమిషాలు జీపు కడగాలి. ఆ వెంటనే రజాక్ జల్లెడ పట్టుకొని దాని మీద దుమ్ము చల్లాలి. కడగక ముందు ఎంత ఉండేదో అంత.

"మా యమ్మ రొట్టెల పిండి జల్లించమంటే పారిపోయినోణ్ని అన్నా" అన్నాడు రజాక్ జీపు పైకెక్కి జల్లెడ ఆడిస్తూ. "యాభై ఎనిమిదేండ్లకు దుమ్ము జల్లిస్తాండా. పాపం ఊరికే పోదు."

"పలచగా చల్లు. పెండ్లి ముగ్గు కాదది" అన్నాడు తిప్పయ్య.

దానికీ మెమో వచ్చింది. ముందురోజు జీపు పోయింది నల్లరేగడి మండలానికి. రజాక్ చల్లింది ఆఫీసు వెనక ఎర్రమట్టి. 'లేని ప్రయాణమునకు జాడ కల్పించుట' అని అభియోగం. అప్పటి నుంచి ముప్పై ఒక్క మండలాల దుమ్మునూ విడివిడిగా తెప్పించి, డబ్బాల్లో పోసి, పేర్లు అంటించి అటకెక్కించారు. ఏ రోజు ఏ డబ్బా దించాలో టూరు డైరీ చూసి వసుంధరమ్మ చెప్పేది. వెనక అద్దం మీద కూడా దుమ్ము ఉండాల్సిందే కాబట్టి తిప్పయ్య రివర్సులో ఒకసారి వాన గొట్టాన్నే గుద్దాడు. గొట్టం వంగింది. ఎట్లాగూ అందులో ఏమీ లేదు.

ఇక్కడితో ఆగేదే. కానీ ఆ ఏడు వాన పడింది.

తిప్పయ్య జీపు కొండమీద మండలంలో ఉండగా మబ్బు కమ్మి, ముప్పావుగంట ధారగా కురిసింది. పైనుంచి కిందికి శుభ్రంగా కడిగేసింది. కడగడమే కాదు, జాడించింది కూడా. జీపు మెరుస్తూ ఆఫీసు గేట్లోకి వస్తుంటే పరాంకుశం గారు వరండాలోంచి చూసి తల పట్టుకున్నారు.

"వానకు మెమో ఇస్తారా సార్?" అని అడిగాడు తిప్పయ్య.

ఇవ్వలేరు. వాన శాఖ పరిధిలో ఉన్నా అధీనంలో లేదు. అందుచేత లోపలి ఉత్తర్వు ఒకటి జారీ చేశారు: మబ్బు పట్టిన రోజున శాఖా వాహనములు షెడ్డు దాటరాదు.

ఆ రోజు నుంచి ఎండ కాసినప్పుడు పోయి వాన గొట్టాలు చూసొచ్చేవాళ్లు. వాన పడినప్పుడు షెడ్డులో కూర్చునేవాళ్లు. గొట్టాల్లో నీళ్లు ఎవరైనా పోయి చూసేలోగా ఎండకు ఆవిరైపోయేవి. ఆ రెండు నెలల్లో మంచి వానలే కురిశాయి. చెరువు అలుగు పారింది. రికార్డులో మాత్రం జిల్లా వర్షపాతం సున్నా. సున్నా చూసి రాజధానిలో కంగారుపడ్డారు. ఇంత కరువులో నీటి పొదుపు ఇంకా కఠినంగా ఉండాలని, జాడ రహిత పద్ధతిని నూటికి నూరుపాళ్లు సాధించిన మొదటి జిల్లాను గుర్తించి సన్మానిస్తామని ప్రకటించారు.

పరాంకుశం గారికి ఆ రాత్రి నుంచి నిద్ర పట్టలేదు. అర్హత మనకే ఉందన్నారు. ఆయన నిర్వచనం మిగతా ఆఫీసులకూ పాకి, జిల్లాలో ఉన్న నలభై రెండు ప్రభుత్వ వాహనాలూ గుర్తుపట్టలేనంత మురికిగా ఉన్నాయి.

రాష్ట్ర పరిశీలకులు సోమసుందరం గారు వచ్చే ముందురోజు రజాక్ షెడ్డులోకి వచ్చాడు.

"అన్నా, ఆయప్ప లోపల కూడా సూస్తాడంట. బ్యాటరీ లైటు పట్టుకొస్తాండాడు."

తిప్పయ్య జీపు వెనక తలుపు మూశాడు.

"వదినె చెయ్యి సంగతి నాకు తెలుసులే. ముప్పై ఏండ్లు నీతో పని చేసినోనికి తెలీదా? అడ్డం ఏమన్నా తగిలించు."

తిప్పయ్య తన పాత రెయిన్‌కోటు తెచ్చి తలుపుకు తగిలించాడు. ఆ జిల్లాలో దాన్ని ఎవరూ ముట్టుకోరని అతని నమ్మకం.

సోమసుందరం గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని మనిషి. నలభై రెండు వాహనాలు మైదానంలో వరసగా నిలబెట్టారు. ప్రతి బండి మీదా వేలితో గీత గీసి, వేలు చూసుకొని, "జాడ లేదు" అన్నారు. వసుంధరమ్మ టిక్కు పెట్టింది. నలభై ఒక్క సార్లు అట్లాగే జరిగింది. మైదానం చివర షామియానా కింద శాలువాలు, మైకు, ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నారు.

నలభై రెండోది తిప్పయ్య జీపు. పరిశీలకులు వెనక తలుపు తెరిచారు.

"ఈ కోటు ఎందుకు?"

"వానకు సార్."

"రెండు నెలలుగా మీ జిల్లాలో వర్షపాతం సున్నా. వానలేని చోట కోటు అనవసరపు పరికరం." ఆయన రెండు వేళ్లతో దాన్ని ఎత్తి పక్కన పెట్టారు. బ్యాటరీ వెలుగు తలుపు మీద పడింది. "ఇదేమిటి?"



"నాలుగున్నర వేళ్లు" అన్నారు ఆయన, దగ్గరికి వంగి. "చుట్టూ శుభ్రం చేసి దీన్ని మాత్రం వదిలారు. అంటే ఇక్కడివరకు కడిగారనడానికి ఇది సాక్ష్యం. జాడల్లో ఇంతకంటే స్పష్టమైన జాడను నేను నా సర్వీసులో చూడలేదు. ఎవరిది?"

"మా ఆడమనిషిది సార్."

"శాఖ ఉద్యోగినా?"

"కాదు సార్."

"పిలిపించండి. వివరణ తీసుకోవాలి."

"లేదు సార్."

"ఎక్కడికి వెళ్లారు?"

తిప్పయ్య కోటు తీసుకొని మడత పెట్టసాగాడు. పరిశీలకులు వసుంధరమ్మ వైపు తిరిగారు. "రాసుకోండి. సదరు జాడ, జాడ తెలియని ఒక మహిళకు చెందినది."

వసుంధరమ్మ కలం కాగితం మీద ఆగింది. "చనిపోయింది సార్ ఆమె" అంది మెల్లగా.

"అలాగైతే వివరణ అవసరం లేదు. తొలగించండి."

"దుమ్ము చల్లేస్తా సార్ దాని మీద" అన్నాడు రజాక్ గబగబా. "ఏ మండలంది కావాలంటే ఆ మండలంది. కనపడకుండా చేస్తా."

"జాడను కప్పడం వేరు, జాడ లేకుండా చేయడం వేరు. ఉత్తర్వు రెండోది అడుగుతోంది."

అప్పుడు తిప్పయ్య పరాంకుశం గారి ముందుకు పోయి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో అతను తనకోసం ఒకరిని ఏమీ అడగలేదు.

"సార్, ఆ మాట తప్పు సార్. మొదట్నే చెప్తిని. జాడింపు సార్ అది. ఒక్క ఫోను చెయ్యండి. చేసి కనుక్కోండి. మీ కాళ్లకు దండం పెడతా."

పరాంకుశం గారు ఒక నిమిషం షామియానా వైపు చూశారు. తర్వాత ఫోను తీసి పక్కకు పోయారు. మూడు నిమిషాలు మాట్లాడారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

"ఏమన్నారు సార్?"

"నువ్వు చెప్పింది నిజమేనయ్యా. అచ్చులో అక్షరాలు పోయాయట. వాళ్లకు నెల కిందటే తెలిసింది. సవరణ పరిశీలనలో ఉంది."

"అట్లయితే?"

"సవరణ వచ్చేవరకు ఉన్న ఉత్తర్వే ఉత్తర్వు." ఆయన గొంతు సవరించుకున్నారు. "తప్పే తిప్పయ్యా. కానీ తప్పదు."

పరిశీలకులు వాచీ చూసుకున్నారు. ఎవరో థిన్నరు డబ్బా, గీకే బ్లేడు తెచ్చారు. గీకి పారేస్తే నిమిషంలో అయిపోతుందన్నారు. బ్లేడు పట్టుకొచ్చినవాడు తలుపు దగ్గరికి పోయేలోపు తిప్పయ్య అడ్డం నిలబడ్డాడు.

"ముట్టుకోవద్దు. నేను తుడుస్తా."

బకెట్టు తెప్పించాడు. పది లీటర్లు పోశాడు. మూతెడు మందు కలిపాడు. పదహారు గుడ్డల్లో పదిహేను పక్కన పెట్టి ఒకటి నానేశాడు. తీసి పిండాడు. నాలుగు మడతలు పెట్టాడు. అరచెయ్యి మీద నుంచి వేళ్ల కొసల వైపు, ఒకేవైపుగా, ఒక్కసారి లాగాడు. మడత తిప్పాడు. మళ్లీ లాగాడు. పసుపు గుడ్డలోకి వచ్చేసింది. చిటికెన వేలి సగం ముక్కను చివరికి ఉంచి, దాన్ని కూడా తుడిచాడు. ఎక్కడా గీత పడలేదు. కంపెనీ అమ్మాయి చూసి ఉంటే మెచ్చుకునేది.

తుడిచేదే గదా నీ పని.

"చూశారా" అన్నారు సోమసుందరం గారు చుట్టూ ఉన్నవాళ్లతో. "పద్ధతి ఎంత సమర్థవంతమైనదో. చుక్క నీరు నేల మీద పడలేదు."

నలభై రెండో టిక్కు పడింది. జిల్లాను రాష్ట్రంలోనే మొదటి జాడ రహిత జిల్లాగా మైకులో ప్రకటించారు. పరాంకుశం గారికి శాలువా కప్పారు. ఆదర్శ డ్రైవరుగా తిప్పయ్యకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో అతని పేరు తప్పయ్య అని పడింది. ఈసారి అతను ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిది రోజులకు సవరణ వచ్చింది. "ఉత్తర్వునందు, తత్సంబంధ ప్రత్యుత్తరములందు 'జాడ' అని ఉన్న ప్రతిచోట 'జాడింపు' అని చదువుకొనవలెను. ఇదివరకే తీసుకొనిన చర్యలు సక్రమమైనవిగానే భావించబడును." ముప్పై ఒక్క డబ్బాల దుమ్మును ఆఫీసు వెనక పారబోశారు. బండ్లను మళ్లీ మెరిసేలా కడగమన్నారు. తిప్పయ్య కడిగాడు. వెనక తలుపు దగ్గర వేలెడు దూరంలో గుడ్డ ఆగింది. చెయ్యి అలవాటు కొద్దీ ఆగింది.

ఆ నెలాఖరున స్టోర్సు నుంచి మెమో వచ్చింది. ప్రక్షాళన గుడ్డలు పదహారు ఇచ్చితిమి, పదిహేను మాత్రమే తిరిగి చేరినవి, పదహారవదాని సంగతి తెలుపవలెను.

తిప్పయ్య వెనకవైపు రాసిచ్చాడు: "జాడ లేదు."

వసుంధరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. గుమ్మంలో అతను నిలబడే ఉన్నాడు.

"సవరణ ప్రకారం" అంది ఆమె తలెత్తకుండా, "జాడ అని ఉన్న ప్రతిచోట జాడింపు అని చదువుకోవాలి కదా. అంటే, పదహారో గుడ్డకు జాడింపు లేదు. నువ్వు దాన్ని ఇంకా జాడించలేదు. అంతేనా తిప్పయ్యా?"

"అంతే మేడమ్."

"జాడించని గుడ్డ స్టోర్సులో తీసుకోరు. నీ దగ్గరే ఉండనీ." ఆమె ఫైలు మూసి కట్ట కట్టింది. అంత పని ఆమె ఒక్క మాట మీద చేసింది, నిఘంటువు చూడలేదు. ఆ ఆఫీసులో తిప్పయ్య క్షమించిన మనిషి ఎవరైనా ఉంటే అది ఆమే, అదీ సగం.

రిటైరయిన రోజు రజాక్ గేటుదాకా వచ్చాడు. జీపు అప్పటికే పాతసామాను లారీ ఎక్కింది, తలుపుతో సహా. తిప్పయ్య ఆ తలుపు అడగలేదు.

"యాడ పెట్టినావన్నా ఆ గుడ్డ?" అన్నాడు రజాక్. "మడత ఇప్పి చూసినావా ఎప్పుడన్నా?"

తిప్పయ్య అతని వైపు చూశాడు.

"రజాకూ, నువ్వు మంచోనివి. ఆ మాట ఈ పొద్దు ఎత్తినావు, విన్నా. ఇంకోసారి ఎత్తితే నీకూ నాకూ మాటల్లేవు."

"సరేలే అన్నా, ఊరికే అడిగితి."

"ఊరికే కూడా అడగాకు."

గేటు దాటి పోయాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎందరో అడిగారు. పత్రికవాళ్లు అడిగారు, కొత్తగా వచ్చిన జిల్లా అధికారి అడిగాడు, పెండ్లిళ్లలో బంధువులు అడిగారు. తిప్పయ్య ఎవరికీ చెప్పలేదు. చెప్పడు. అడగొద్దు.